టీసీ అడిగిన విద్యార్థి చదువు ఆగకుండా చూడటం ఎలా? గోదావరి డెల్టా డిగ్రీ కాలేజీలకు సమగ్ర మార్గదర్శి

"టీసీకి వచ్చినవాళ్లని ఎలా ఆపాలండీ?" అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు వైపు కాలేజీల్లో పనిచేసే తోటి లెక్చరర్లు చాన్నాళ్లుగా నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. టీసీ అంటే కాలేజీ మానేసేటప్పుడు ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్. ఫోన్లో ఐదు నిమిషాల్లో చెప్పేది కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. టీసీ ఇవ్వకుండా ఆపే ఉపాయాలు ఇందులో ఉండవు. కాగితం బీరువాలో పెట్టుకున్నంత మాత్రాన పిల్లలు క్లాసుకు రారు. దరఖాస్తు ఇచ్చాక, టీసీ మీద ప్రిన్సిపల్ సంతకం పడేలోగా, ఆ విద్యార్థితో ఒక మనిషి కూర్చుని మాట్లాడాలి. మన కాలేజీల్లో చాలాచోట్ల ఆ మధ్యలో ఆఫీసు కౌంటరు, నో డ్యూస్ కాగితం (బకాయిలేమీ లేవని ప్రతి విభాగం సంతకం పెట్టేది) తప్ప ఇంకేమీ లేవు. ఈ మార్గదర్శి అంతా ఆ ఖాళీని ఎలా నింపాలన్నదే.

1. మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి

మొదట ఒరిజినల్ సర్టిఫికెట్లు. అడ్మిషన్ అప్పుడు సరిచూసుకుని, జిరాక్సులు ఉంచుకుని, ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలి. 2018 అక్టోబరులో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇచ్చిన ఉత్తర్వు ఇదే చెబుతోంది. మీ ఆఫీసు బీరువాలో పదో తరగతి మెమోలు, ఇంటర్ మెమోలు ఉంటే ఈ వారమే పంచేయండి. అవి మీ దగ్గరున్నంతకాలం మీరు ఎంత ప్రేమగా మాట్లాడినా తల్లిదండ్రులకు అది బెదిరింపులాగే వినిపిస్తుంది.

రెండోది ఫీజు వాపసు. అదే ఉత్తర్వులో లెక్క స్పష్టంగా ఉంది.

- ప్రకటించిన అడ్మిషన్ గడువుకు 15 రోజులు లేదా అంతకు ముందే మానేస్తే మొత్తం ఫీజు. అందులో 5 శాతానికి, అదీ 5,000 రూపాయలకు మించకుండా ఖర్చుల కింద తగ్గించుకోవచ్చు.
- గడువుకు ముందే గానీ, 15 రోజులకన్నా తక్కువ ఉన్నప్పుడైతే 90 శాతం.
- గడువు దాటిన 15 రోజుల్లోపు 80 శాతం.
- 15 రోజులు దాటి 30 రోజుల్లోపు 50 శాతం.
- 30 రోజులు దాటితే ఏమీ రాదు.
- కాషన్ డిపాజిట్ మాత్రం ఎప్పుడు మానేసినా మొత్తం ఇవ్వాలి.

ఆ తర్వాతి సంవత్సరాల్లో యూజీసీ ఏ ఏటికా ఏడు వేరే తేదీలు కూడా ప్రకటించింది కాబట్టి ఆ సంవత్సరపు ఉత్తర్వు చూసుకున్నాకే పట్టిక గోడకు అంటించండి. తెలుగులో అంటించండి. డబ్బు సంగతి ముందే తేలిపోతే మాటలు అసలు విషయం మీదకు వెళ్తాయి.

మూడోది మనిషి. ఎవరు మాట్లాడాలో ఒక్కరి పేరు ఖరారు చేయండి. ప్రిన్సిపల్ వద్దు, ఆ గదిలోకి వెళ్లగానే పిల్లలకు నోరు పెగలదు. ఆఫీసు సూపరింటెండెంట్ కూడా వద్దు, ఆయన పని లెక్క తేల్చడం. పిల్లలు కారిడార్‌లో ఆగి పలకరించే లెక్చరర్ ప్రతి కాలేజీలో ఒకరిద్దరు ఉంటారు, వాళ్లకు అప్పగించండి. ఆడపిల్లల కోసం ఒక మేడమ్ తప్పకుండా ఉండాలి. వారానికి రెండు పీరియడ్లు వాళ్ల టైమ్‌టేబుల్లో తగ్గించండి. ఖాళీ సమయంలో చేసుకోమంటే ఈ పని సాగదు.

నాలుగోది పాత టీసీ రిజిస్టరు. గత 3 సంవత్సరాల పేజీలు తీసి ఒక ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించండి. పేరు, తేదీ, కోర్సు, ఏ సెమిస్టరు, ఊరు, రాసిన కారణం, అప్పటికి ఉన్న బకాయి. ఏడు గడులు చాలు. తర్వాత నెలల వారీగా ఒకసారి, ఊళ్ల వారీగా ఒకసారి పేర్చి చూడండి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ రోజులు, పరీక్ష ఫీజు కట్టే వారం, మొదటి సెమిస్టరు ఫలితాలు వచ్చిన వారం, సంక్రాంతి సెలవుల తర్వాత... ఎప్పుడు ఎక్కువమంది వెళ్తున్నారో మీ కాలేజీ లెక్క మీకే చెబుతుంది. ఒకే రేవు దాటి వచ్చే పిల్లలు వరసగా మానేస్తుంటే అదీ ఈ షీట్‌లోనే బయటపడుతుంది.

2. దరఖాస్తు కాగితం మార్చండి

మీ టీసీ దరఖాస్తుల ఫైలు తెరిచి ఒక పది కాగితాలు వరసగా చదవండి. "కుటుంబ పరిస్థితుల రీత్యా చదువు కొనసాగించలేకపోతున్నాను" అని పదిటిలోనూ ఒకే వాక్యం ఉంటుంది. మా కాలేజీ ఫైల్లో అయితే "కొనసాగించ" దగ్గర ఒకే అక్షరదోషం కూడా కనిపించింది. ఆరా తీస్తే గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో ఒక నమూనా ఉంది. పిల్లలు దాన్నే కొనుక్కుని, పేరు, రోల్ నంబరు నింపి ఇస్తున్నారు. అన్నేళ్లూ మేము కారణాలు చదువుతున్నామనుకుని ఆ నమూనానే చదువుతూ వచ్చాం.

అందుకని తెల్లకాగితం దరఖాస్తు ఆపేసి, కాలేజీ నుంచే ఒక పేజీ ఫారం ఉచితంగా ఇవ్వండి. అందులో ఇవి ఉండాలి.

- పేరు, కోర్సు, సెమిస్టరు, ఊరు, విద్యార్థి ఫోన్, ఇంట్లో ఒకరి ఫోన్.
- కారణాల వరస, పక్కన టిక్ గడి. ఫీజు లేదా స్కాలర్‌షిప్, రాకపోకలు, ఇంటి పని లేదా సంపాదన, పాఠాలు అర్థం కాకపోవడం, సబ్జెక్టులు మిగిలిపోవడం, ఆరోగ్యం, పెళ్లి, వేరే కాలేజీలో సీటు, కాలేజీలో ఎవరితోనైనా ఇబ్బంది, ఇతర. ఎన్నైనా టిక్ పెట్టొచ్చని రాయండి.
- "ఏది మారితే ఇక్కడే చదువుతారు?" కింద మూడు ఖాళీ గీతలు.
- "ఈ విషయం ఇంట్లో తెలుసా?"
- "మీ ఇంటివాళ్లతో మేము మాట్లాడవచ్చా?" అవును, కాదు.
- టీసీ ఏ తేదీకి ఇస్తారో ఆఫీసు రాసి సంతకం పెట్టే చోటు.

చివరి గడి మర్చిపోకండి. తేదీ రాసి ఇస్తేనే, మాట్లాడటానికి పిలిచినప్పుడు వాళ్లు భయపడకుండా వస్తారు. రెండు పని దినాలు పెట్టుకోండి, అంతకుమించి సాగదీయకండి.

3. మొదట మాట, తర్వాత సంతకాలు

ఈ పనిలో వరసే ముఖ్యం. మామూలుగా ఏం జరుగుతుంది? విద్యార్థి రాగానే కౌంటర్లో నో డ్యూస్ కాగితం చేతిలో పెడతారు. లైబ్రరీ, ల్యాబ్, ఎన్.సి.సి., హాస్టల్ అన్నీ తిరుగుతాడు. ప్రతిచోటా "ఏరా, మానేస్తున్నావా?" అని అడుగుతారు, ప్రతిచోటా అవునంటాడు. ఐదుసార్లు అవునన్నవాణ్ని ఆరోసారి కూర్చోబెట్టి ఆలోచించుకోమంటే ఏం లాభం?

ఒక కుర్రాడి సంగతి చెబుతాను. బీఎస్సీ రెండో సంవత్సరం, లంక ఊరు, అంటే గోదావరి పాయల మధ్య ఉన్న ఊరు. నా దగ్గరికి వచ్చేసరికే నో డ్యూస్ మీద నాలుగు సంతకాలు అయిపోయాయి. కాగితం నాలుగు మడతలు పడి, చొక్కా జేబులో చెమటకి తడిసి ఉంది. ఇంట్లో ఇబ్బంది సార్ అన్నాడు. మంచినీళ్లిచ్చి, "రోజూ ఎలా వస్తావు నాన్నా?" అని అడిగాను. వరదకు కాజ్‌వే మునిగి పది రోజులు పడవ మీదే రాకపోకలని, ఆ పది రోజుల్లోనే పరీక్ష ఫీజు గడువు దాటిపోయిందని, ఇక ఏడాది పోయినట్టేనని చెప్పాడు. ఆలస్య రుసుముతో కట్టే గడువు ఇంకా నాలుగు రోజులుంది. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నాలుగు విభాగాలు సంతకం పెట్టి పంపాయి, ఒక్కరూ ఎందుకని అడగలేదు. అందులో మా విభాగం కూడా ఉంది. ఆ కుర్రాడు డిగ్రీ పూర్తి చేశాడు. ఆ రోజు నుంచే మా దగ్గర వరస మారింది.

కొత్త వరస ఇది.

ఒకటి. ఫారం తీసుకున్న వెంటనే ఆఫీసు ఆ లెక్చరర్‌కు ఫోన్ చేయాలి.

రెండు. విద్యార్థి వచ్చేలోగా నాలుగు వివరాలు తెప్పించుకోవాలి. హాజరు, మార్కులు, ఫీజు బకాయి, రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల పోర్టల్ జ్ఞానభూమిలో స్కాలర్‌షిప్ స్థితి.

మూడు. అరగంట మాట్లాడాలి. తలుపు దగ్గరగా వేసిన గదిలో, బల్లకు అటూ ఇటూ కాకుండా పక్కపక్క కుర్చీల్లో.

నాలుగు. మర్నాడు ఒక జవాబు చెప్పాలి. "చూస్తాం" అన్నది జవాబు కాదు.

ఐదు. అప్పటికీ వెళ్తానంటేనే నో డ్యూస్. దాన్ని కూడా ఆఫీసే వాట్సాప్‌లో అన్ని విభాగాలకూ పంపి తెప్పించాలి. పిల్లలు గుమ్మం గుమ్మం తిరగక్కర్లేదు.

4. ఆ అరగంటలో ఏం మాట్లాడాలి

మొదటి మాట ఇలా ఉండనివ్వండి: "టీసీ గురువారం మధ్యాహ్నానికి సిద్ధంగా ఉంటుందమ్మా, దాని గురించి టెన్షన్ పడకు. ఈలోగా కాసేపు మాట్లాడుకుందామా?" భయం తీరాకే మాటలు వస్తాయి.

తల్లో తండ్రో వెంట వస్తే ముందు వాళ్లను కూర్చోబెట్టి పలకరించండి. "ఆయ్, మావాడికి చదువు ఎక్కట్లేదండి" అని తండ్రి అంటాడు, కొడుకు నేల చూస్తాడు. ఆ తర్వాత "అబ్బాయితో ఒక పది నిమిషాలు మాట్లాడి పంపుతామండీ, మీరు టీ తాగండి" అని విడిగా మాట్లాడండి. ఇది తప్పనిసరి. పెళ్లి, వేధింపు, ఇంట్లో గొడవ లాంటివి పెద్దవాళ్ల ముందు బయటికి రావు.

అడగాల్సినవి మూడే.

- మామూలు రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎలా గడుస్తుంది?
- మానేద్దామని మొదటిసారి ఎప్పుడు అనిపించింది? ఆ వారం ఏం జరిగింది?
- ఏది మారితే ఉంటావు?

మొదటి ప్రశ్న వట్టి కబురులా ఉంటుంది గానీ, అసలు కారణం ఎక్కువసార్లు దాని జవాబులోనే దొరుకుతుంది. తల్లి కువైట్‌లో పనికి వెళ్లింది, ఇంట్లో తమ్ముడికి అన్నం వండి పంపేది ఈ పిల్లే, అందుకే రోజూ మొదటి పీరియడ్ పోతోంది, హాజరు తగ్గింది, స్కాలర్‌షిప్ ఆగింది. ఫారం మీద మాత్రం "ఫీజు" అని టిక్ ఉంటుంది.

చదువు విలువ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ విలువ తెలుసు కాబట్టే అడ్మిషన్ తీసుకున్నారు. వేరేవాళ్లతో పోల్చకండి. మీ చేతిలో లేనిదానికి మాట ఇవ్వకండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మనసు బాగా చెదిరినట్టు కనిపిస్తే, చనిపోవాలనిపిస్తోందన్న మాట ఏ రూపంలో వచ్చినా, టీసీ సంగతి పక్కన పెట్టి ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, అక్కడి నుంచే కలిపి మాట్లాడించండి.

5. కారణాన్ని బట్టి దారి

ఫీజు, స్కాలర్‌షిప్. డబ్బు లేదన్నవాళ్లలో కొందరిది నిజానికి కాగితం సమస్య. ఇలా వరసగా చూడండి.

- పోర్టల్లో పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో కలుస్తున్నాయా?
- ఆదాయ ధ్రువపత్రం ఉందా? లేకపోతే సచివాలయంలో దరఖాస్తు పెట్టించారా?
- బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందా? పాత ఖాతాకు ముడిపడి ఉందేమో?
- హాజరు 75 శాతం ఉందా? తగ్గితే ఎన్ని రోజులు తక్కువ? ఈ సెమిస్టర్లో పూడుతుందా?

ఏదో ఒకటి చెడితే పిల్లల్నే పంపకుండా ఆఫీసు నుంచి ఒకరు సచివాలయానికి ఫోన్ చేయండి. నిజంగా డబ్బే లేకపోతే బకాయిని నెలవారీ ముక్కలు చేసి రాసివ్వండి. కొబ్బరి దింపు, దాళ్వా (రబీ వరి) కోత, రొయ్యల పట్టుబడి, ఇంట్లో ఎప్పుడు నాలుగు రూపాయలు ఆడతాయో అడిగి ఆ తేదీలు పెట్టండి. జూన్‌లో మొత్తం కట్టమంటే సార్వా (ఖరీఫ్ వరి) పెట్టుబడుల కాలంలో రైతు ఇంట ఎక్కడ దొరుకుతాయి?

రాకపోకలు. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది, ఛార్జీల బాధ తగ్గింది. మిగిలింది టైమింగ్. ఊరి బస్సు 9.40కి దిగితే 9.30 పీరియడ్ రోజూ పోతుంది. ఆ దారిలో వచ్చేవాళ్లు పదిమంది ఉన్నారనుకోండి, డిపో మేనేజర్‌కు కాలేజీ తరఫున ఉత్తరం రాయండి, లేదా ల్యాబ్‌ను మధ్యాహ్నానికి మార్చండి. 2022 జులై లాంటి వరద వచ్చినప్పుడు లంక ఊళ్ల పిల్లల జాబితా ముందే మీ దగ్గర ఉండాలి. నోట్సు ఫోన్లో పంపడం, ఆ రోజుల్లో పరీక్ష ఫీజు గడువు పడితే కాలేజీయే ముందు కట్టి తర్వాత వసూలు చేసుకోవడం, రెండూ మన చేతిలో పనులే.

పాఠాలు అర్థం కాకపోవడం. తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్లో బెదిరిపోతారు. "ఇంగ్లీషు నేర్చుకో" అనడం పరిష్కారం కాదు. ఒక్కో యూనిట్‌కు తెలుగులో రెండు పేజీల సారాంశం, పరీక్షకు కావాల్సిన ఇంగ్లీషు పదాల జాబితా ఇవ్వండి. మిగిలిపోయిన సబ్జెక్టులుంటే ఏది ఎప్పుడు రాయాలో తేదీలతో కాగితం మీద వేసి చూపించండి. ఆరు సబ్జెక్టులు అనుకున్నప్పుడు కొండలా ఉంటుంది, ఈసారి రెండు అంటే కదులుతారు.

సంపాదన. చెరువు గట్టు మీద రాత్రి కాపలా కాసి పొద్దున్నే క్లాసులో నిద్రపోయే కుర్రాణ్ని తిట్టకండి. కాపలా రోజులు ఏవో కనుక్కోండి. పని మానిపించడం మన వల్ల కాదు. వారంలో ఏ రోజుల్లో వస్తే హాజరు నిలబడుతుందో లెక్క వేసి చెప్పగలం.

పెళ్లి. అమ్మాయికి 18 నిండకపోతే అది చట్టం చూసుకోవాల్సిన విషయం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాలి. నిండి, తనకు ఇష్టమైతే అత్తవారి ఊరు ఎక్కడో అడగండి. మన డెల్టాలో ఎక్కువసార్లు పక్క మండలమే. పెళ్లయ్యాక కూడా రావచ్చన్న మాట మీ నోటి నుంచి తండ్రికి వినపడాలి. పరీక్షలున్న వారాల కాగితం చేతిలో పెట్టండి.

వేధింపు, ర్యాగింగ్. ఈ టిక్ పడితే పిల్లను నిలబెట్టుకోవడం మొదటి పని కాదు, కాపాడటం మొదటి పని. అంతర్గత ఫిర్యాదుల కమిటీకి లేదా యాంటీ ర్యాగింగ్ కమిటీకి విషయం ఆ రోజే చేరాలి. ర్యాగింగ్‌కు జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522. "కాలేజీ పరువు" అన్న మాట ఆ గదిలో రాకూడదు.

మంచి సీటు వచ్చింది. సంతోషంగా, అదే రోజు టీసీ ఇచ్చి పంపండి. వీళ్లను ఆపాలని చూడటం తప్పు.

6. వెళ్లక తప్పనివారిని పంపే పద్ధతి

కొందరు వెళ్తారు. వాళ్లు మళ్లీ రాగలిగేలా పంపాలి.

జాతీయ విద్యా విధానం కింద యూజీసీ 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రం ప్రకారం, మొదటి సంవత్సరంలో 40 క్రెడిట్లు తెచ్చుకుని, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి కోర్సు చేస్తే సర్టిఫికెట్ వస్తుంది. రెండు సంవత్సరాలకు డిప్లొమా. అలా వెళ్లినవాళ్లు 3 సంవత్సరాల్లోపు తిరిగి చేరి, మొత్తం 7 సంవత్సరాల్లోపు డిగ్రీ ముగించుకోవచ్చు. మీ విశ్వవిద్యాలయం దీన్ని ఎలా అమలు చేస్తోందో ఒకసారి రాసి తెప్పించుకోండి. మొదటి సంవత్సరం చివర్లో మానేస్తానన్నవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా పంపితే ఏడాది కష్టం ఉత్తదే అవుతుంది.

చేతికి ఇచ్చే కవరులో ఇవి ఉండాలి.

- టీసీ. అందులో కారణం "విద్యార్థి కోరిక మేరకు" అని మాత్రమే రాయాలి.
- స్టడీ, కండక్ట్ సర్టిఫికెట్లు, ఇప్పటిదాకా వచ్చిన మార్కుల మెమోలు.
- అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) ఐడీ రాసిన చీటీ. క్రెడిట్లు అందులో కనిపిస్తున్నాయో లేదో అక్కడే ఫోన్లో తెరిచి చూపించాలి.
- తిరిగి చేరాలంటే ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక పేజీ.
- రెగ్యులర్‌గా కుదరనివారికి ఇగ్నో లాంటి దూరవిద్య వివరాలు.

టీసీని డిజీలాకర్‌లో దాచుకోలేకపోతే ఫోన్లో ఫొటో అయినా తీసి పెట్టుకోమనండి. వరదకు తడిసిన టీసీకి నకలు కోసం తిరిగేవాళ్లను మన దగ్గర ఎంతమందిని చూడలేదు!

7. టీసీ అడగకుండానే మానేసేవాళ్లు

వీళ్లకు ఫారం ఉండదు, హాజరు పట్టీ ఒక్కటే గుర్తు. 3 రోజులు వరసగా రాకపోతే క్లాస్ టీచర్ ఫోన్ చేయాలి. వారం దాటితే అదే ఊరి సీనియర్‌ను పంపాలి. 15 రోజులకు ఎవరైనా ఇంటికి వెళ్లాలి. ఉత్తరాలు పంపడం దండగ, "మీ అబ్బాయి గైర్హాజరు" అన్న ముద్ర చూసి ఇంట్లో గొడవ తప్ప ఇంకేం జరగదు.

సంక్రాంతి తర్వాత సెలవులు ముగిసిన మొదటి వారం మరింత జాగ్రత్త. పండక్కి హైదరాబాద్ నుంచి వచ్చిన బంధువు "షాపులో పని ఉంది రారా" అని వెంటబెట్టుకు వెళ్లేది అప్పుడే. ఆ వారం రోజూ సాయంత్రం రానివాళ్ల పేర్లు తీయండి.

8. తరచు జరిగే తప్పులు, సరిచేసుకునే తీరు

బకాయి కడితేనే మాట్లాడతామనడం. ముందు మాట్లాడండి, బకాయి లెక్క చివరి పని.

ఫారం నింపించి ఫైల్లో పెట్టేయడం. ఫారం మీద మాట్లాడిన లెక్చరర్ సంతకం లేనిదే ప్రిన్సిపల్ టీసీ మీద సంతకం పెట్టకూడదన్న నియమం పెట్టుకోండి. ఆ సంతకానికి రెండు రోజుల గడువు. లెక్చరర్ సెలవులో ఉంటే రెండో మనిషి.

ఆగిపోయినవాళ్లను ఆ తర్వాత మర్చిపోవడం. ఇది అన్నిటికన్నా ఎక్కువగా చూశాను. ఆగినవాళ్లు నెలరోజుల్లో మళ్లీ ఊగిసలాడతారు. వారం తర్వాత, నెల తర్వాత, పరీక్ష ఫీజుకు ముందు, మూడుసార్లు పలకరించాలని క్యాలెండర్‌లో రాసుకోండి.

పిల్లలు చెప్పిన సొంత విషయాలు స్టాఫ్ రూమ్‌లో మాట్లాడటం. ఒక్కసారి బయటికి పొక్కిందంటే ఇంకెవరూ నోరు విప్పరు. ఫారాలు తాళం ఉన్న చోట పెట్టండి, మీటింగుల్లో అంకెలే చెప్పండి.

9. నెలాఖరు పని

నెలకో గంట చాలు. ప్రిన్సిపల్, మాట్లాడే ఇద్దరు లెక్చరర్లు, సూపరింటెండెంట్ కూర్చోండి.

- ఎన్ని ఫారాలు వచ్చాయి, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది వెళ్లారు?
- ఏ కారణం రెండుసార్లకు మించి వచ్చింది?
- దానికి కాలేజీలో మార్చగలిగిన ఒక్క పని ఏది? ఎవరు చేస్తారు, ఏ తేదీకి?
- పోయిన నెల అనుకున్నది జరిగిందా?
- గడువు దాటి ఇచ్చిన టీసీలు ఉన్నాయా? ఎందుకు?

జూన్‌లో అడ్మిషన్ల హడావిడి మొదలయ్యే ముందు ఇంకో పని ఉంది. గత 3 సంవత్సరాల్లో చదువు మానేసి వెళ్లినవాళ్ల పేర్లు ఆ షీట్‌లోంచి తీసి ఫోన్లు చేయండి. సాయంత్రం ఏడు దాటాక చేస్తే పొలం నుంచో చెరువు నుంచో ఇంటికి వచ్చి ఉంటారు. "ఎలా ఉన్నావమ్మా, ఏం చేస్తున్నావు?" అని అడిగి, ఈ ఏడు తిరిగి చేరే అవకాశం ఉందని, ఫలానా తేదీలోపు రావాలని చెప్పండి. రానన్నవాళ్ల పేరు పక్కన కారణం రాసి, వచ్చే జూన్ జాబితాలో అలాగే ఉంచండి.